కొలనోస్కోపీ నేర్చుకునే డాక్టర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గ్యాస్ట్రో రెసిడెంట్లు, సర్జరీ పీజీలు, జిల్లా కేంద్రాల్లో ప్రాక్టీసు పెట్టుకున్న ఫిజీషియన్లు పదే పదే అడిగే ప్రశ్నలివి. స్కోపీ గదిలో పక్కన నిలబడి ఏం చెబుతానో ఇక్కడా అదే రాశాను. పేషెంట్ల కోసం రాసింది కాదు గానీ వాళ్లు చదివినా మంచిదే, తమ పెద్దపేగులోకి స్కోపు పంపే డాక్టరు ఏమేం నేర్చుకుని ఉండాలో తెలుస్తుంది.

ఎన్ని కేసులు చేస్తే కొలనోస్కోపీ వచ్చినట్టు?

అందరూ ముందు అడిగేది ఇదే. ఒకప్పుడు అమెరికాలో 140 అనేవారు. అన్ని చేస్తే వచ్చేసినట్టని దాని అర్థం కాదు, అంతకంటే ముందు ట్రైనీని పరీక్షించి లాభం లేదని. తర్వాత మేయో క్లినిక్‌లో ఒక్కో కేసుకీ మార్కులు వేస్తూ చూస్తే కనీస స్థాయికి చేరడానికే సగటున 275 దాకా పడుతోందని 2011లో తేలింది. యూకేలో ఎండోస్కోపీ సర్టిఫికెట్లు ఇచ్చే జాగ్ అనే సంస్థ ఇప్పుడు కనీసం 280 అడుగుతోంది, వాటితో పాటు ఎన్ని కేసుల్లో సీకమ్ (పెద్దపేగు మొదలయ్యే చోటు, స్కోపు చేరాల్సిన చివర) దాకా వెళ్లారు, పేషెంటుకి నొప్పి ఎంత, పాలిప్‌లు (పేగు లోపలి గోడ మీద పెరిగే గడ్డలు) ఎలా తీశారు అన్నవి కూడా చూస్తుంది.

మన దగ్గర పెద్ద ఆస్పత్రిలో డీఎం (గ్యాస్ట్రోలో సూపర్ స్పెషాలిటీ) చేసేవాళ్లు మూడేళ్లలో ఈ అంకె దాటడం పెద్ద విషయం కాదు. అందుకే "మూడొందలు చేశాను సార్" అని ఎవరైనా అంటే నేను ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతాను. అందులో స్కోపు మొదటి నుంచి చివరి దాకా మీ చేతిలోనే ఉన్నవి ఎన్ని? మధ్యలో సీనియర్ వచ్చి స్ప్లీనిక్ ఫ్లెక్షర్ (పొట్టలో ఎడమ పైభాగాన పెద్దపేగు వంపు) దాటించి మళ్లీ మీ చేతికి ఇచ్చినవి ఎన్ని? ఈ రెండు అంకెలూ విడివిడిగా చెప్పగలిగేవాళ్లు తక్కువ. చెప్పగలిగినవాళ్లు మాత్రం తొందరగా బాగుపడతారు, ఎందుకంటే తాము ఎక్కడ ఆగిపోతున్నారో వాళ్లకి తెలుసు.

పక్కన ఎవరూ లేకుండా సొంతంగా నేర్చుకోలేమా? పాత తరం వాళ్లు అలాగే నేర్చుకున్నారు కదా?

1969లో న్యూయార్క్‌లో హిరోమి షిన్యా, విలియం వోల్ఫ్ కొలనోస్కోపుతో పాలిప్ తీసినప్పుడు వాళ్లకి నేర్పడానికి ఎవరూ లేరు, నిజమే. మనకి ఆ పరిస్థితి లేదు కదా.

ఈ ప్రశ్నకి బ్రిటన్ అనుభవం కంటే మంచి జవాబు నాకు తెలియదు. అక్కడ మూడు ప్రాంతాల్లో జరిగిన 9,223 కొలనోస్కోపీలని పరిశీలించి 2004లో ఒక నివేదిక వేశారు. సీకమ్ చేరామని డాక్టర్లు రాసుకున్నవి 76.9 శాతం. చేరినట్టు గట్టి ఆధారం ఉన్నవాటినే లెక్కేస్తే 56.9 శాతం. అంటే దాదాపు సగం మందిలో పెద్దపేగు మొత్తం చూశారని నమ్మకంగా చెప్పలేం. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది, నాకైతే అసలు విషయం అందులోనే కనిపిస్తుంది: తమ మొదటి 100 కేసులనీ సీనియర్ పక్కన ఉండగా చేసినవాళ్లు 17 శాతమే. మిగతావాళ్లు ఎలాగోలా నేర్చుకున్నారు.

దాన్ని చూసి వాళ్లు సిగ్గుపడి ఊరుకోలేదు. శిక్షణ కేంద్రాలు పెట్టారు, నేర్పేవాళ్లకి కూడా ఎలా నేర్పాలో కోర్సులు పెట్టారు, సర్టిఫికెట్ లేకుండా సొంతంగా స్కోపీ చేయనివ్వడం ఆపారు. 2011లో మళ్లీ 20,085 కొలనోస్కోపీలతో దేశమంతా ఆడిట్ చేస్తే సీకమ్ చేరే శాతం 92.3కి వచ్చింది. ఆ ఏడేళ్లలో స్కోపులు మెరుగుపడిన మాట నిజమే కానీ పెద్దపేగు మారలేదు, దాని వంపులూ మారలేదు. నేర్పే పద్ధతి మారింది. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసే మన తెలుగు డాక్టర్లు ఎవరినైనా అడగండి, అక్కడ ఒక్కో కేసు తర్వాత ట్రైనర్ కూర్చుని ఫారం నింపుతూ ఏం బాగుంది, ఏం బాగోలేదు అని ఎంత ఓపికగా చెబుతారో వివరిస్తారు.

మొదటి పేషెంటుని ముట్టుకునే ముందు ఏం చేయాలి?

ఎడమ చేయి సాధన చేయండి. పెద్ద చక్రం టిప్‌ని (స్కోపు కొసని) పైకీ కిందికీ, చిన్న చక్రం కుడికీ ఎడమకీ తిప్పుతుంది. చూపుడువేలు సక్షన్, గాలి, నీళ్ల బటన్ల మీద ఉండాలి. ఇదంతా కిందికి చూడకుండా జరగాలి. సిమ్యులేటర్ ఉంటే చాలా మంచిది, మొదటి కొద్ది కేసుల్లో పేషెంటు పడే బాధ దాంతో కచ్చితంగా తగ్గుతుంది. లేకపోతే ఖాళీ స్కోపు పట్టుకుని ఒక కాగితం మీది అంకెల్ని వరసగా స్క్రీన్ మధ్యలోకి తెచ్చుకునే సాధన చేసినా వేళ్లకి అలవాటవుతుంది.

తర్వాత నేను ముందు వెనక్కి రావడం నేర్పుతాను. సీనియర్ సీకమ్ దాకా తీసుకెళ్లి స్కోపు మీకిస్తారు, మీరు చూసుకుంటూ బయటికి వస్తారు. అప్పటికి స్కోపు నిటారుగా ఉంటుంది కాబట్టి చేతి కదలికకి స్క్రీన్ మీద ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. ఆ తర్వాతే లోపలికి వెళ్లడం.

సిగ్మాయిడ్‌లో (మలాశయం పైన వంపులు తిరిగే పెద్దపేగు భాగం) ఇరుక్కుపోతున్నాను. ఎంత తోసినా ముందుకి వెళ్లడం లేదు. ఏం చేయాలి?

తోయడం ఆపండి.

కొంచెం వివరంగా చెబుతాను, ట్రైనింగ్‌లో సగం కాలం ఇక్కడే గడుస్తుంది. సిగ్మాయిడ్ ఒకచోట అతుక్కుని ఉండే గొట్టం కాదు, మెసెంటరీకి (పేగుని పొట్ట వెనక గోడకి పట్టి ఉంచే పొర) వేలాడుతూ ఉంటుంది. మీరు తోస్తే స్కోపు పేగు లోపల ముందుకి జరగదు, పేగునే సాగదీస్తుంది. బయట 20 సెంటీమీటర్లు లోపలికి పోతాయి, స్క్రీన్ మీద బొమ్మ అక్కడే ఉంటుంది, ఒక్కోసారి మీరు తోసేకొద్దీ బొమ్మ వెనక్కి పోతుంది కూడా. అదే లూప్. అప్పుడు స్క్రీన్ వదిలేసి పేషెంటు మొహం చూడండి. మత్తులో ఉన్నా కనుబొమ్మలు ముడిపడతాయి, కాళ్లు ముడుచుకుంటారు. ఆ నొప్పి మెసెంటరీ సాగడం వల్ల. సిస్టర్‌తో ఇంకో డోసు మిడజోలం (మత్తుమందు) ఇవ్వమని చెప్పే ముందు ఆ లూప్ తీయండి.

తీయడం ఇలా. ముందు గాలి కొంచెం సక్షన్ చేయండి, పేగు ఉబ్బి ఉంటే పొడవూ పెరుగుతుంది, వంపులు కూడా బిగుసుకుంటాయి. ల్యూమెన్ (పేగు లోపలి దారి) కనిపించేలా టిప్ పట్టుకుని స్కోపుని నెమ్మదిగా వెనక్కి లాగుతూ క్లాక్‌వైజ్ టార్క్ ఇవ్వండి, అంటే స్కోపు గొట్టాన్ని కుడివైపుకి మెలితిప్పండి. ఎక్కువ కేసుల్లో క్లాక్‌వైజే పనిచేస్తుంది. బొమ్మ వెనక్కి జారిపోతుందని భయపడకండి, చాలాసార్లు మీరు లాగుతుంటే టిప్ ముందుకి వెళుతుంది, అది చూసిన రోజున కొలనోస్కోపీ అంటే ఏమిటో అర్థమవుతుంది. లూప్ పోయిందని చెప్పే గుర్తు ఒకటే: మీ చేయి ఒక సెంటీమీటరు కదిపితే లోపల టిప్ కూడా ఒక సెంటీమీటరు కదలాలి. కుడిచేత్తో స్కోపుని పిడికిట్లో బిగించి పట్టుకోకండి, వేళ్లతో పట్టుకోండి, మలద్వారానికి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో. అప్పుడే టార్క్ తెలుస్తుంది.

స్కోపు మీదున్న అంకెలు చూసే అలవాటు చేసుకోండి. నిటారుగా ఉంటే స్ప్లీనిక్ ఫ్లెక్షర్ దగ్గర 50 సెంటీమీటర్లు, సీకమ్‌లో 70 నుంచి 80 ఉండాలి. స్ప్లీనిక్ ఫ్లెక్షర్ దగ్గరే 90 చూపిస్తుంటే వెనకాల లూప్ ఉన్నట్టే. ఇవన్నీ చేసినా కదలకపోతే పేషెంటుని వెల్లకిలా తిప్పండి, కుడి పక్కకి తిప్పండి, అసిస్టెంటుతో పొట్ట మీద నొక్కించండి, గాలి బదులు నీళ్లు పంపుతూ వెళ్లి చూడండి. పొజిషన్ మార్చడానికి బద్ధకించేవాళ్లని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. అరనిమిషం పని, పావుగంట నొప్పి తప్పుతుంది.

ఇంకో మాట, మన రెండు రాష్ట్రాల్లో ఇది తరచుగా ఎదురవుతుంది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లలో సిగ్మాయిడ్ కటిభాగంలో అతుక్కుపోయి ఉండొచ్చు, స్కోపు వెళ్లడం కష్టమవుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. కాబట్టి టేబుల్ ఎక్కించే ముందే "పెద్దాపరేషన్ ఏమైనా అయ్యిందా అమ్మా" అని అడగండి, అయ్యిందంటే ఆ కేసు కొత్త ట్రైనీకి ఇవ్వకండి.

సీకమ్ చేరానని ఎలా నిర్ధారించుకోవాలి?

అపెండిక్స్ రంధ్రం, ఇలియోసీకల్ వాల్వ్ (చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోటి కవాటం), రెండూ కనిపించాలి, రెండింటికీ ఫొటో తీయాలి. కుడివైపు పొట్ట మీద వేలితో నొక్కితే లోపల కదిలిందనో, చర్మం మీద లైటు కనిపించిందనో చేరినట్టు రాయకండి, హెపాటిక్ ఫ్లెక్షర్‌ని (కాలేయం కింద పెద్దపేగు వంపుని) చూసి సీకమ్ అనుకోవడం చాలా తేలిక. వీలైతే టెర్మినల్ ఇలియమ్‌లోకి (చిన్నపేగు చివరి భాగంలోకి) వెళ్లండి, అంతకంటే గట్టి సాక్ష్యం లేదు.

ఇలియమ్‌లోకి వెళ్లడం అవసరమా? పాశ్చాత్య దేశాల్లో ప్రతి కేసులోనూ వెళ్లరు కదా.

వాళ్ల కేసుల్లో ఎక్కువ భాగం ఏ జబ్బూ లేనివాళ్లకి చేసే క్యాన్సర్ స్క్రీనింగ్. మన దేశంలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకి ప్రభుత్వ స్క్రీనింగ్ ఉంది కానీ పెద్దపేగుకి లేదు. మన టేబుల్ మీదికి వచ్చేవాళ్లు రక్తం పడుతోందని, నెలల తరబడి విరేచనాలని, బరువు తగ్గిపోతున్నామని వస్తారు. ఇలియోసీకల్ ప్రాంతంలో పుండు కనిపిస్తే అది టీబీయా, క్రోన్స్ జబ్బా (పేగులో దీర్ఘకాలం ఉండే వాపు) అన్నది ఇక్కడ ప్రతి గ్యాస్ట్రో డాక్టరుకీ రోజూ ఎదురయ్యే చిక్కు. ఒకదానికి ఆరు నెలల టీబీ మందులు, రెండోదానికి ఇమ్యూనిటీ తగ్గించే మందులు. టీబీ ఉన్నవాళ్లకి పొరపాటున రెండోవి ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకని మన ట్రైనింగ్‌లో ఇలియమ్ ఇంట్యుబేషన్‌ని (అందులోకి స్కోపు పంపడాన్ని) తప్పనిసరి అనుకోవాలి. పుండు అడ్డంగా, చుట్టూ తిరిగినట్టు ఉందా, నిలువుగా ఉందా, వాల్వ్ నోరు తెరుచుకుపోయి ఉందా, మధ్యలో మంచి భాగాలు వదిలి అక్కడక్కడా ఉందా, ఇవన్నీ రిపోర్టులో రాయాలి. బయాప్సీలు ఒకటి రెండు తీసి ఊరుకోవద్దు, పుండు అంచుల నుంచీ అడుగు నుంచీ ఎక్కువ ముక్కలు తీయండి, కొన్ని హిస్టాలజీకి, కొన్ని టీబీ పరీక్షలకి. దీర్ఘకాలం విరేచనాలు ఉన్నవాళ్లలో పేగు మామూలుగా కనిపించినా బయాప్సీ తీయాలి, మైక్రోస్కోపిక్ కొలైటిస్ (సూక్ష్మదర్శినిలోనే తెలిసే పెద్దపేగు వాపు) కంటికి కనిపించదు.

లోపలికి తొందరగా వెళ్లగలుగుతున్నాను. ఇక వచ్చినట్టేనా?

జబ్బు దొరికేది ఎక్కువగా వెనక్కి వచ్చేటప్పుడే. 2006లో అమెరికాలోని రాక్‌ఫర్డ్‌లో 12 మంది గ్యాస్ట్రో డాక్టర్లు చేసిన 7,882 కొలనోస్కోపీలు పరిశీలించారు. వెనక్కి రావడానికి సగటున 6 నిమిషాలు, అంతకంటే ఎక్కువ తీసుకున్నవాళ్లు 28.3 శాతం మందిలో క్యాన్సర్‌గా మారే గుణమున్న గడ్డలు కనిపెట్టారు, తొందరపడినవాళ్లు 11.8 శాతం మందిలోనే. అప్పటి నుంచి 6 నిమిషాలు ప్రమాణం అయ్యింది, అమెరికా సొసైటీలు 2024లో దాన్ని 8 నిమిషాలకి పెంచాయి.

గడియారం చూస్తూ కూర్చుంటే సరిపోదు. ప్రతి మడత వెనకాలా చూడాలి, మిగిలిన నీళ్లు పీల్చాలి, మురికి కడగాలి, పేగు బాగా తెరుచుకునేంత గాలి పెట్టాలి, వీలైతే కార్బన్ డయాక్సైడ్ వాడండి, తర్వాత పొట్ట ఉబ్బరం తక్కువ. కుడి పెద్దపేగుని రెండుసార్లు చూడండి, అక్కడ చదునుగా ఉండే గడ్డలు సులువుగా తప్పించుకుంటాయి. రెక్టమ్ (మలాశయం) దగ్గర రెట్రోఫ్లెక్స్ (టిప్‌ని వెనక్కి తిప్పి చూడటం) చేయడం మరిచిపోవద్దు, చోటు ఇరుకుగా ఉంటే బలవంతం చేయొద్దు.

ఏడీఆర్ అంటున్నారు, మన దగ్గర దాన్ని లెక్కేయాలా?

స్క్రీనింగ్‌కి వచ్చినవాళ్లలో ఎంత శాతం మందిలో కనీసం ఒక్క అడెనోమా (క్యాన్సర్‌గా మారే గుణమున్న పాలిప్) కనిపెట్టారన్నదే ఏడీఆర్. 2014లో కాలిఫోర్నియాలో 136 మంది డాక్టర్లు చేసిన మూడు లక్షలకి పైగా కొలనోస్కోపీల లెక్క చూస్తే ఏడీఆర్ ఒక్క శాతం పెరిగితే తర్వాత క్యాన్సర్ వచ్చే ముప్పు 3 శాతం తగ్గింది. అదే లెక్కలో ఒక డాక్టరు ఏడీఆర్ 7.4, ఇంకొకరిది 52.5. ఒకే వ్యవస్థలో పనిచేసేవాళ్ల మధ్య అంత తేడా.

మన దగ్గర అడెనోమాలే తక్కువ, స్క్రీనింగ్ కేసులూ తక్కువ, కాబట్టి కనీసం ఇంత ఉండాలని వాళ్లు పెట్టుకున్న 25 శాతం, 35 శాతం గీతల్ని ఇక్కడ గీసుకుని కుంగిపోవాల్సిన పని లేదు. కానీ లెక్క మాత్రం వేయండి. ఒకే యూనిట్‌లో ఒకే రకం పేషెంట్లని చూసే ముగ్గురిలో ఒకరికి మిగతావాళ్లలో సగమే దొరుకుతుంటే దానికి కారణం వెతకాలి.

పేగు శుభ్రంగా లేకపోతే ట్రైనీ చేయగలిగింది ఏముంటుంది?

చాలా ఉంటుంది, ఎందుకంటే పేషెంటుతో ముందు మాట్లాడేది ట్రైనీయే. చీటీ చేతికిచ్చి పంపేస్తే పని జరగదు. మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, జామ, దానిమ్మ, గింజలున్న కూరలు వద్దని, తెల్లన్నం, ఇడ్లీ, మజ్జిగ పర్వాలేదని ఇంట్లో వండేవాళ్లకి చెప్పండి. ముందు రోజు ద్రవాలే తాగమంటే చాలామంది రాగి జావ తాగి వస్తారు, ద్రవమే కదా అని. తీరా చూస్తే పేగు గోడంతా గోధుమరంగు పూత. కొబ్బరి నీళ్లు తాగొచ్చు, జావ తాగకూడదు అని పేరు పెట్టి చెప్పాలి. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపించండి. పెగ్ మందు (పేగు కడిగే ద్రవం) మొత్తం ముందు రోజు రాత్రే తాగించకుండా సగం స్కోపీ రోజు తెల్లవారుజామున తాగించండి, తేడా మీకే కనిపిస్తుంది. షుగర్ మందులు, రక్తం పలచబరిచే మందులు ఎప్పుడు ఆపాలో, ఏవి ఆపకూడదో వాళ్లు ఇంటికి వెళ్లే ముందే తేల్చాలి.

చేసేటప్పుడు బోస్టన్ స్కోరు (పేగు ఎంత శుభ్రంగా ఉందో చెప్పే అంకె) వేయండి, పెద్దపేగు మూడు భాగాలకీ విడివిడిగా 0 నుంచి 3. ఏ భాగంలోనైనా 2 కంటే తక్కువైతే "మొత్తం నార్మల్" అని రిపోర్టు రాయకూడదు.

పాలిప్ తీయడం ఎప్పుడు మొదలుపెట్టాలి?

టిప్‌ని కావలసిన చోట కదలకుండా నిలపగలిగాక. పాలిప్‌ని ఆరు గంటల స్థానంలోకి (స్క్రీన్‌ని గడియారం అనుకుంటే కింద మధ్యలోకి) తెచ్చుకోవడం రాకుండా స్నేర్ (పాలిప్ కోసే తీగ ఉచ్చు) పట్టుకోవద్దు. చిన్నవి, 10 మిల్లీమీటర్లలోపువి, కరెంటు లేకుండా కోల్డ్ స్నేర్‌తో తీయడం ముందు నేర్చుకోండి. పెద్దవి, చదునైనవి కనిపిస్తే ఫొటో తీసి, సైజు, ఆకారం, చోటు రాసి నిపుణులకి పంపండి. తెలిసీ తెలియక సగం తీస్తే మచ్చ కట్టి తర్వాత తీసేవాళ్లకి కూడా కష్టమవుతుంది.

పర్ఫొరేషన్ (పేగుకి చిల్లు పడటం) అంటే భయంగా ఉంది, చాలా టెన్షన్ పడుతున్నాను.

ఆ భయం కొంత ఉండటమే మంచిది. మంచి చేతుల్లో వెయ్యికి ఒకటి కంటే తక్కువే జరుగుతుంది, పెద్ద పాలిప్‌లు తీసేటప్పుడు ముప్పు పెరుగుతుంది. స్క్రీన్ అంతా ఎర్రగా అయిపోయి ల్యూమెన్ కనిపించనప్పుడు తోయొద్దు, తీవ్రమైన కొలైటిస్ ఉన్న పేగులో అవసరానికి మించి ముందుకెళ్లొద్దు. స్కోపీ తర్వాత నొప్పి ఎక్కువై పొట్ట గట్టిపడి నాడి వేగంగా కొట్టుకుంటుంటే "గ్యాస్" అని పంపేయకుండా సీటీ తీయించి సర్జన్‌కి ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ పరిస్థితి చెడుతుంది. పాలిప్ తీసినవాళ్లకి రెండు వారాల దాకా రక్తం పడే అవకాశం ఉందని, పడితే ఏ నంబరుకి ఫోన్ చేయాలో రాసివ్వండి.

ట్రైనీ చేస్తున్నాడని పేషెంటుకి చెప్పాలా?

చెప్పాలి. "డాక్టరు గారు నేర్చుకుంటున్నారు, నేను పక్కనే ఉంటాను, అవసరమైతే నేనే చేస్తాను" అని సీనియర్ చెబితే ఒప్పుకోనివాళ్లు చాలా తక్కువ. వద్దంటే గౌరవించండి. ఉచితంగా చికిత్స పొందేవాళ్లకి అడిగే హక్కు లేదన్నట్టు కొన్నిచోట్ల ప్రవర్తిస్తారు, అది తప్పు.

నేను ఎండీ మెడిసిన్ చేశాను. వారం రోజుల కోర్సు చేసి మా ఊళ్లో మొదలుపెట్టొచ్చా?

వారంలో కొలనోస్కోపీ రాదు. పైన చెప్పిన అంకెలు చూస్తే మీకే తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఏఐజీ (ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ) లాంటి సంస్థలకి విదేశాల నుంచి కూడా వచ్చి నేర్చుకుంటారు, లైవ్ వర్క్‌షాపులు చూస్తారు, అవి చాలా ఉపయోగం, కానీ చూడటం వేరు, చేయడం వేరు. మన దేశంలో కొలనోస్కోపీకంటూ యూకేలా విడిగా తప్పనిసరి సర్టిఫికెట్ లేదు, డీఎం, డీఆర్ఎన్‌బీ, ఎంసీహెచ్ లాంటి సూపర్ స్పెషాలిటీ శిక్షణలో భాగంగానే నేర్పుతారు. అందువల్ల బాధ్యత ఎక్కువగా మీ మనస్సాక్షి మీదే పడుతుంది. చిన్న ఊళ్లో స్కోపీ అవసరం ఉందన్నది నిజం, రక్తం పడుతున్న మనిషి ఒక్క పరీక్ష కోసం బస్సెక్కి రెండొందల కిలోమీటర్లు రావడం నేను రోజూ చూస్తున్నాను. అందుకే అంటున్నాను, నెలల తరబడి ఉండే ఫెలోషిప్ వెతకండి, స్కోపు మీ చేతికి ఎన్ని కేసుల్లో ఇస్తారో చేరే ముందే అడగండి.

బొటనవేలు, మెడ నొప్పి వస్తున్నాయి.

స్క్రీన్ మీ కళ్లకి ఎదురుగా, కొంచెం కిందికి ఉండాలి. బెడ్ ఎత్తు మోచేతికి సమానంగానో కాస్త కిందనో పెట్టుకోండి. చక్రాలతో చేసే పని కొంత టార్క్‌కి అప్పజెబితే బొటనవేలికి విశ్రాంతి. పేషెంటుని తేవడానికి పట్టే రెండు నిమిషాల్లో ఇది సరిచూసుకోవచ్చు.

ఏఐ వచ్చేసింది కదా, పాలిప్‌ని అదే చూపిస్తుంది. ఇంకా ఇంత శిక్షణ ఎందుకు?

కెమెరా చూడని మడత వెనక ఏముందో ఏఐకి కూడా తెలియదు. ఇంకోటి, 2025లో పోలండ్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. ఏఐకి అలవాటుపడ్డ తర్వాత అనుభవమున్న డాక్టర్లే అది లేకుండా చేసిన కేసుల్లో అడెనోమాలు కనిపెట్టే శాతం 28.4 నుంచి 22.4కి పడిపోయింది. ఒక్క అధ్యయనమే, అయినా ట్రైనీల విషయంలో నేను జాగ్రత్తపడతాను. ముందు సొంత కళ్లతో చూడటం రావాలి, ఆ తర్వాత ఏఐ పెట్టుకోండి.

నేర్పేవాళ్లు ఏం మార్చుకోవాలి?

"అటు, ఇటు, కొంచెం ఇలా" అంటే ట్రైనీకి ఏమీ అర్థం కాదు. కేసు మొదలయ్యే ముందే మాటలు ఖాయం చేసుకోండి: టిప్ పైకి, టిప్ కిందికి, క్లాక్‌వైజ్, వెనక్కి లాగు, ఆగు. "ఆగు" అంటే చేతులు ఆగిపోవాలి. మాటా పలుకూ లేకుండా స్కోపు లాక్కుని చకచకా చేసేస్తే ట్రైనీ నేర్చుకునేది ఏమీ ఉండదు. తీసుకోవాల్సి వస్తే ఎందుకో చెప్పండి, దాటించాక ఏం చేశారో చెప్పండి. పేషెంటు మెలకువగా ఉంటే అరవకండి, ఆ మనిషి ఎంత భయపడతాడో ఆలోచించండి. కేసు అయ్యాక సరిచేసుకోవాల్సింది ఒక్కటే చెప్పండి, పది చెబితే ఒక్కటీ గుర్తుండదు.

స్కోపు కడగడం ట్రైనీ నేర్చుకోవాలా, అది టెక్నీషియన్ పని కదా?

నేర్చుకోవాలి. లీక్ టెస్ట్, ఛానెల్‌లోకి బ్రష్, డిటర్జెంట్, తర్వాతే డిసిన్ఫెక్టెంట్, కడిగి ఆరబెట్టడం, ఇందులో బ్రష్ చేయడం సరిగ్గా జరక్కపోతే మిగతాదంతా వృథా. రేపు మీ సొంత యూనిట్‌లో దానికి జవాబుదారీ మీరే.

లాగ్‌బుక్‌లో ఏమేం రాయాలి?

తేదీ, ఎందుకు చేశారు, బోస్టన్ స్కోరు, సహాయం లేకుండా ఎక్కడి దాకా వెళ్లారు, ఎవరు ఎక్కడ స్కోపు తీసుకున్నారు, సీకమ్ ఫొటో ఉందా, ఇలియమ్‌లోకి వెళ్లారా, వెనక్కి రావడానికి ఎన్ని నిమిషాలు, పేషెంటుకి నొప్పి ఎంత, ఎంత మత్తు ఇచ్చారు, ఏం దొరికింది, బయాప్సీ రిపోర్టులో ఏం వచ్చింది. చివరిది చాలామంది ఖాళీగా వదిలేస్తారు, రిపోర్టు వారం తర్వాత వస్తుంది కాబట్టి. దాన్ని తప్పకుండా నింపండి. పేషెంటు పేరు రాయొద్దు, ఆస్పత్రి నంబరు చాలు. నెలాఖరున మీ గైడ్‌తో అరగంట కూర్చుని ముందుగా సీకమ్ చేరని కేసులు తీయండి, ఒక్కోదాంట్లో ఎక్కడ ఆగారో, అప్పటికి లోపల ఎన్ని సెంటీమీటర్లు ఉందో చూడండి.